సున్నా డిగ్రీల వద్ద తడబడే కొలత: గడ్డకట్టిన నేల స్థితిని తెలుసుకొనేదెలా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో, వైశాలి నగర్ వంటి నివాస ప్రాంతంలో ఇల్లు కట్టదలచినవారు ముందుగా విచారించవలసింది నేల ఏ రకానిదన్న విషయమే. ఛత్తీస్‌గఢీ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో గుర్తిస్తారు. ఎర్రని గరుకు నేల భాటా, పసుపు ఛాయగల తేలిక నేల మటాసీ, మధ్యరకపు నేల డోర్సా, బరువైన నల్లరేగడి కన్హార్. వీటిలో కన్హార్ వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానిపై కట్టిన గోడలు పగిలితే అందుకు కారణం బరువు కాదు, నేలలోకి వచ్చి పోయే నీరు.

ఉత్తర ధ్రువానికి చేరువలోని టండ్రా మైదానాల్లో సమస్య ఇదే, తీరు మాత్రం వేరు. అక్కడ నేలలోని నీరు గడ్డకట్టి రాయిలా బిగిసి ఉంటుంది. భవనాలు, గొట్టపు మార్గాలు, రైలు పట్టాలు ఆ మంచు మీద భరోసాతోనే నిలిచి ఉన్నాయి. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకున్న సోవియట్ యూనియన్, అదే కాలంలో సైబీరియాలోని నోరిల్స్క్ వంటి పారిశ్రామిక నగరాలను గడ్డకట్టిన నేలలోకి దించిన స్తంభాలపై నిర్మించుకుంటూ వచ్చింది. భవనం అడుగున గాలి ఆడేలా ఖాళీ వదిలితే ఇంటి వేడి నేలకు సోకదు, నేల గడ్డకట్టే ఉంటుంది, స్తంభం కదలదు. ఇదీ ఆ నిర్మాణ పద్ధతి వెనుక ఉన్న లెక్క.

ఆ లెక్క ఎప్పుడు తప్పుతుందో 2020 మే 29న నోరిల్స్క్‌లో కనిపించింది. అక్కడి విద్యుత్ కేంద్రానికి చెందిన డీజిల్ ట్యాంకు కుంగి పగిలింది. సుమారు 20 వేల టన్నులకు పైగా ఇంధనం నేలలోకి, నదిలోకి పారింది. అంబర్నయా నది ఎర్రబారిన దృశ్యాలను ఉపగ్రహాలు చిత్రించాయి. నేల కరగడం వల్ల ఆధారాలు కుంగాయని ట్యాంకు యాజమాన్యం చెప్పగా, నిర్మాణ లోపాలు, పర్యవేక్షణ లోపాలు ఉన్నాయని ప్రభుత్వ నియంత్రణ సంస్థ తేల్చింది. 2021 ఫిబ్రవరిలో న్యాయస్థానం 146 బిలియన్ రూబుళ్లకు పైగా పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఈ రెండు వాదనల్లో ఏది ఎంతవరకు నిజమన్నది తేలాలంటే కావలసిన ఆధారం ఒక్కటే. ట్యాంకు కింది నేల ఏ యేడు ఎంత వెచ్చబడిందో తెలిపే కొలతలు. ఆ ప్రమాదం తరువాతనే రష్యా జాతీయ స్థాయిలో మంచునేల పరిశీలన వ్యవస్థను ఏర్పాటు చేయడానికి పూనుకుంది.

పేరులోనే ఒక పొరపాటు

ఈ నేలను శాస్త్రవేత్తలు పర్మాఫ్రాస్ట్ అంటారు. తెలుగులో శాశ్వత మంచునేల అన్న మాట స్థిరపడుతోంది. రష్యన్ శాస్త్రవేత్త మిహయిల్ సుమ్గిన్ 1927లో ప్రచురించిన గ్రంథంతో ‘శాశ్వత ఘనీభవనం’ అనే అర్థమిచ్చే పేరు శాస్త్రంలో స్థిరపడింది. అమెరికా సైన్యపు ఇంజినీర్ల కోసం 1943లో సైమన్ ముల్లర్ దాన్ని ఇంగ్లీషులో పర్మాఫ్రాస్ట్‌గా కుదించాడు. నిర్వచనంలో మాత్రం శాశ్వతత్వం ఎక్కడా లేదు. వరుసగా రెండేళ్లపాటు సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ, అంతకన్నా తక్కువలో గానీ ఉన్న నేల ఏదైనా పర్మాఫ్రాస్టే. అందులో మంచు ఉండాలన్న నియమం కూడా లేదు. పొడి రాయి సైతం ఆ చల్లదనంలో ఉంటే ఈ కోవలోకే వస్తుంది. అంటే ఇది ఒక పదార్థం పేరు కాదు, ఒక ఉష్ణోగ్రత స్థితి పేరు. కాబట్టి కొలవకుండా దాన్ని గుర్తించడం సాధ్యం కాదు. హిమనీనదాన్ని ఫొటోలో చూపవచ్చు, మంచునేలను చూపలేము.

ఉత్తరార్ధగోళపు భూభాగంలో సుమారు 15 శాతం కింద ఇటువంటి నేల ఉన్నట్లు అంచనా. సైబీరియాలో కొన్నిచోట్ల దాని మందం దాదాపు 1,500 మీటర్లు. దాని పైభాగంలో వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకట్టే పలుచని పొర ఉంటుంది. దీనిని క్రియాశీల పొర అంటారు. చోటును బట్టి దీని లోతు కొన్ని పదుల సెంటీమీటర్ల నుంచి రెండు మూడు మీటర్ల వరకు మారుతుంది. నాచు, గడ్డి, పొదలు వేళ్లూనేది ఇందులోనే. దీని అడుగున వేల ఏళ్లుగా కుళ్లకుండా నిలిచిన వృక్షావశేషాల్లో 1,460 నుంచి 1,600 బిలియన్ టన్నుల వరకు కర్బనం ఉందని శాస్త్రవేత్తల అంచనా. ప్రస్తుతం వాతావరణంలో ఉన్న కర్బనానికి ఇది సుమారు రెట్టింపు. నేల కరిగితే సూక్ష్మజీవులు ఆ నిల్వపై పని మొదలుపెడతాయి. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువులు వెలువడతాయి.

పటాన్‌చెరు జొన్నకు స్వాల్‌బార్డ్ చలి

ఇది దూరదేశాల ముచ్చట మాత్రమే అనుకోవడానికి లేదు. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో 1972 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, తన జన్యు నిధిలోని జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తన నమూనాలను లక్షకు పైగా నార్వేలోని స్వాల్‌బార్డ్ దీవులలో భద్రపరిచింది. లాంగ్‌యియర్‌బైన్ పట్టణం వద్ద కొండను తొలిచి నిర్మించిన ప్రపంచ విత్తన భాండాగారం 2008 ఫిబ్రవరి 26న ప్రారంభమైంది. లోపలి గదులను యంత్రాలతో మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచుతారు. యంత్రాలు ఆగిపోయినా చుట్టూ ఉన్న గడ్డకట్టిన కొండ విత్తనాలను కాపాడుతుందన్నది దాని ఆలోచన.

2016 అక్టోబరులో అసాధారణమైన వెచ్చదనంతో పాటు భారీ వాన కురిసినప్పుడు ప్రవేశ సొరంగంలోకి నీరు చొరబడి లోపల గడ్డకట్టింది. విత్తనాల గదుల దాకా నీరు చేరలేదు, నష్టమేమీ జరగలేదు. అయితే ఒక విషయం బయటపడింది. నిర్మాణ సమయంలో సొరంగం చుట్టూ కదిలించిన నేల కొన్నేళ్లలో తిరిగి గడ్డకడుతుందని ఇంజినీర్లు ఆశించారు, అది జరగలేదు. ఆ తరువాత సొరంగాన్ని నీరు చొరబడని కాంక్రీటుతో పునర్నిర్మించారు. ఆంధ్ర, తెలంగాణ మెట్టపొలాల నుంచి సేకరించిన గింజలకు అదనపు రక్షణ ఈ కొండ చలవే. ఆ చలవ ఎంతకాలం నిలుస్తుందన్నది కొలిచి చెప్పవలసిన విషయం.

భారతదేశానికి అదే ద్వీపసమూహంలో స్వంత పరిశోధన కేంద్రం కూడా ఉంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఆధ్వర్యంలో న్యీ ఒలెసుండ్ వద్ద 2008 జూలై 1న ప్రారంభమైన హిమాద్రి, ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది.

మొదటి పరికరం ఉక్కు చువ్వ

మంచునేలను కొలిచే పరికరాల్లో అన్నిటికన్నా సులువైనది ఒక ఉక్కు చువ్వ. వేలి మందాన, అంగుళాల గీతలకు బదులు సెంటీమీటర్ల గీతలతో ఉంటుంది. వేసవి చివర, కరుగుదల గరిష్ఠానికి చేరిన రోజుల్లో, దాన్ని నేలలోకి గుచ్చుతారు. మెత్తని మట్టిలో దిగి, గడ్డకట్టిన పొర తగిలిన చోట ఠక్కున ఆగుతుంది. అక్కడి లోతును రాసుకుంటారు. 1991లో మొదలైన అంతర్జాతీయ క్రియాశీల పొర పరిశీలన కార్యక్రమం ఇదే పద్ధతిని ప్రమాణంగా చేసుకుంది. ఒక చదరపు మైదానంలో అడ్డంగా పదకొండు, నిలువుగా పదకొండు బిందువుల వలను గీసి, ఆ 121 చోట్లా చువ్వ దించుతారు. ఒక్కచోట కొలిస్తే చాలదు. నాచు దట్టంగా ఉన్నచోట కరుగుదల లోతు తక్కువ, రెండడుగుల దూరంలో నీటి మడుగు పక్కన ఎక్కువ. రాళ్ల నేలలో చువ్వ మంచుకు తగిలిందో రాయికి తగిలిందో చెప్పలేని ఇబ్బంది ఉండనే ఉంది.

చలికాలంలో చువ్వ పనికిరాదు. అలాంటప్పుడు ఉపయోగపడేది రంగునీటి గొట్టం. రంగు కలిపిన నీటిని పారదర్శకమైన గొట్టంలో నింపి నేలలో నిలువుగా పాతుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు రంగును వెలుపలికి నెట్టివేస్తాయి. గొట్టాన్ని పైకి తీసి చూస్తే తెల్లగా ఉన్నంత మేర గడ్డకట్టినట్లు, రంగు ఉన్నంత మేర కట్టనట్లు. అలాస్కా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కెంజి యోషికావా ఈ గొట్టాలను పల్లె బడుల ఆవరణల్లో పాతించి, పిల్లల చేతనే కొలతలు తీయించాడు. విద్యుత్తు అక్కరలేదు, చెడిపోయేదీ లేదు.

చువ్వకు ఒక లోపం ఉంది. అది తెలియడానికి చాలాకాలం పట్టింది. చువ్వ లోతును నేల ఉపరితలం నుంచి కొలుస్తుంది. మంచు అధికంగా ఉన్న నేల కరిగితే ఉపరితలమే కిందికి దిగుతుంది. పై అంచు, అడుగు అంచు కలసి దిగుతున్నప్పుడు వాటి మధ్య దూరం మారదు. అలాస్కా ఉత్తర తీరంలోని బారో ప్రాంతంలో ఏళ్ల తరబడి కరుగుదల లోతు పెద్దగా పెరగనట్లే కనిపించింది. ఉపగ్రహ స్థాన నిర్ణయ పరికరాలతో నేల ఎత్తును కూడా కొలిచి చూడగా, మైదానమంతా సమానంగా కుంగుతున్నట్లు తేలింది. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఎక్కడా గుంటలు పడలేదు, పగుళ్లు రాలేదు. కంటికి ఆనలేదు, చువ్వకూ అందలేదు.

బావిలో ఉష్ణోగ్రత

లోతులోని ఉష్ణోగ్రతను తొలిసారి శ్రద్ధగా కొలిచిన చోటు ఒక ఎండు బావి. తూర్పు సైబీరియాలోని యాకుత్స్క్ పట్టణంలో వర్తకుడు ఫ్యోదర్ షెర్గిన్ తాగునీటి కోసం 1820ల చివర బావి తవ్వించడం ప్రారంభించాడు. ఎంత తవ్వినా గడ్డకట్టిన మట్టే. నీటి ఆశ వదులుకున్నా శాస్త్రజ్ఞుల ప్రోద్బలంతో పని సాగించి, 1837లో సుమారు 116 మీటర్ల వద్ద ఆపాడు. అడుగు అప్పటికీ గడ్డకట్టే ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన అకాడమీ పంపగా 1844లో అలెగ్జాండర్ ఫాన్ మిడెన్‌డార్ఫ్ అక్కడికి చేరాడు. బావిలోని గాలి పైనుంచి కిందికి తిరుగుతూ కొలతను పాడుచేస్తుందని గ్రహించి, బావి గోడల్లో వివిధ లోతుల వద్ద అడ్డంగా రంధ్రాలు తొలిపించి వాటిలో ఉష్ణమాపకాలు ఉంచాడు. అడుగున మైనస్ 3 డిగ్రీల పరిసరాల్లో నమోదైంది. లోతుకు పోయేకొద్దీ వెచ్చదనం ఎంత చొప్పున పెరుగుతోందో చూసి, మంచునేల ఎంత లోతు వరకు ఉండవచ్చో లెక్కగట్టాడు.

నేటి పద్ధతి సారంలో అదే. సన్నని బోరు రంధ్రం తవ్వి, గొట్టం దించి, అందులో థర్మిస్టర్లు అనే చిన్న గ్రాహకాలను తీగకు పూసల్లా గుచ్చి వేలాడదీస్తారు. థర్మిస్టర్ లోహపు ఆక్సైడ్‌తో చేసినది. చల్లబడేకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆ నిరోధాన్ని డేటా లాగర్ గంటకో, రోజుకోసారి నమోదు చేస్తుంది. రంధ్రం తవ్వే యంత్రం వేడి నేలను కొంత వెచ్చబరుస్తుంది గనుక, అసలు ఉష్ణోగ్రత తెలియడానికి వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి ఆగాలి. గ్రాహకాలను పాతేముందు మంచుముక్కలు, నీరు కలిపిన పాత్రలో ఉంచి సున్నాను సరిచూస్తారు. మంచు, నీరు కలిసి ఉన్నంతసేపు ఆ పాత్ర సున్నా వద్దనే నిలుస్తుంది. ఇంతకన్నా చౌకైన, కచ్చితమైన ప్రమాణం మరొకటి లేదు.

లోతులో ఎందుకు కొలవాలన్నది తెలుగు పల్లెల్లో బావి నీరు తోడినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ నీరు వేసవిలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా తోస్తుంది. నిజానికి అది ఏడాది పొడుగునా దాదాపు ఒకే తీరున ఉంటుంది, మారేది బయటి గాలి. ఎండ, చలి అలలుగా నేలలోకి దిగుతూ, దిగేకొద్దీ బలహీనపడి, పది ఇరవై మీటర్ల లోతుకు వచ్చేసరికి మాయమవుతాయి. ఆ లోతున కనిపించే మార్పు ఒక వేసవిది కాదు, దశాబ్దాలది. 1986లో అమెరికా శాస్త్రవేత్తలు ఆర్థర్ లాకెన్‌బ్రూక్, వాన్ మార్షల్ ఉత్తర అలాస్కాలోని చమురు బావుల్లో ఉష్ణోగ్రతను పరిశీలించి, అక్కడి మంచునేల ఉపరితలం గత కొన్ని దశాబ్దాల నుంచి శతాబ్ద కాలంలో 2 నుంచి 4 డిగ్రీలు వెచ్చబడిందని తేల్చారు. పాత వాతావరణ రికార్డులు లేనిచోట నేలే రికార్డు పుస్తకంగా పనికివచ్చింది.

అసలు చిక్కు సున్నా వద్ద

ప్రపంచంలోని బోరు రంధ్రాల సమాచారాన్ని క్రోడీకరించే అంతర్జాతీయ వ్యవస్థ 1999 నుంచి పనిచేస్తోంది. ఆ సమాచారం ఆధారంగా 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 2007 నుంచి 2016 మధ్య ప్రపంచ మంచునేల సగటున 0.29 డిగ్రీలు వెచ్చబడింది. నేలంతా నిరంతరాయంగా గడ్డకట్టి ఉన్న శీతల మండలాల్లో పెరుగుదల 0.39 డిగ్రీలు. అక్కడక్కడ ముక్కలుగా మాత్రమే గడ్డకట్టి ఉండే, కొంత వెచ్చని మండలాల్లో 0.20 డిగ్రీలు.

అంకెలను పైపైన చూస్తే వెచ్చని ప్రాంతాల్లో ముప్పు తక్కువన్న భావన కలుగుతుంది. వాస్తవం అందుకు విరుద్ధం. ఒక కిలో మంచును మైనస్ 2 నుంచి మైనస్ 1 డిగ్రీకి తేవడానికి సుమారు 2.1 కిలోజౌళ్ల వేడి చాలు. అదే కిలో మంచును సున్నా వద్ద కరిగించడానికి 334 కిలోజౌళ్లు కావాలి. దాదాపు 160 రెట్లు. పాఠ్యపుస్తకాల్లో గుప్తోష్ణం అనే పేరుతో ఉండేది ఇదే, పేరుకు తగ్గట్టే ఉష్ణమాపకానికి కనపడదు. గడ్డకట్టిన నేల సున్నాకు చేరువైనప్పుడు, వచ్చిన వేడంతా మంచును కరిగించడంలోనే ఖర్చవుతుంది, ఉష్ణోగ్రత గీత మాత్రం అడ్డంగా సాగిపోతుంది. అంటే నేల అత్యంత వేగంగా మారుతున్న దశలోనే థర్మిస్టర్ ఏ మార్పూ లేదని చెబుతుంది. ఏటా శరదృతువులో క్రియాశీల పొర తిరిగి గడ్డకట్టేటప్పుడు ఇదే తంతు తలకిందులుగా జరుగుతుంది. వారాల తరబడి ఉష్ణోగ్రత సున్నా వద్ద నిలిచిపోయే ఆ దశకు శాస్త్రజ్ఞులు ‘సున్నా తెర’ అని పేరుపెట్టారు. ఆ తెర వెనుక ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే ఉష్ణోగ్రత చాలదు, నీటిని కొలవాలి.

నేలలో తేమను కొలిచే పాత పద్ధతి భారతీయ వ్యవసాయ ప్రయోగశాలలన్నిటికీ పరిచితమే. మట్టి నమూనాను తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచడం. మంచునేల నమూనాను ప్రయోగశాలకు చేరేదాకా కరగనివ్వకూడదు, అదొక్కటే అదనపు శ్రమ. మరో తేలిక పరీక్ష కూడా ఉంది. నమూనాను గాజు పాత్రలో కరగనిచ్చి మట్టిని అడుగుకు దిగనిస్తారు. మట్టిపైన తేరిన నీరు ఎంతో, నేల కరిగితే ఆ మేరకు కుంగే అవకాశం ఉన్నట్లు. ఇంజినీరుకు కావలసిన అంకె తరచుగా ఇదే.

కానీ తవ్వి తీసిన నమూనా మళ్లీ అక్కడ పెట్టేది కాదు. అదే చోట ఏళ్లపాటు కొలవాలంటే విద్యుత్ పద్ధతి కావాలి. నేలలో గుచ్చిన లోహపు పుల్లల వెంట విద్యుత్ స్పందనను పంపి, అది వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని కొలుస్తారు. నేలలో నీరు ఎక్కువైతే స్పందన నెమ్మదిస్తుంది. దీనికి ఆధారం డైఎలక్ట్రిక్ స్థిరాంకం అనే గుణం. గాలికి అది 1, మట్టి ఖనిజాలకు 3 నుంచి 5 వరకు, ద్రవ నీటికి 80కి పైగా. ఈ భారీ తేడా వల్లనే బిందు సేద్యపు తోటల్లో వాడే తేమ గ్రాహకాలు పనిచేస్తాయి. మంచుకు వస్తే అదే స్థిరాంకం 3.2 మాత్రమే. కనుక నిండా నీరున్న నేల గడ్డకట్టగానే గ్రాహకం దాన్ని ఎండిన నేలగా చూపుతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, దాని రూపం మారింది అంతే.

ఈ తప్పును శాస్త్రవేత్తలు పనిముట్టుగా మలచుకున్నారు. శరదృతువులో గ్రాహకం చూపిన తేమకు, నడి చలికాలంలో చూపిన తేమకు మధ్య తేడాయే గడ్డకట్టిన నీటి పరిమాణం. సున్నా కన్నా తక్కువలో కూడా కొంత నీరు ద్రవంగానే మిగిలిపోతుంది. ముఖ్యంగా బంకమట్టి రేణువుల చుట్టూ పలుచని పొరలుగా, ఉప్పు ఉన్నచోట ఇంకా ఎక్కువగా. కన్హార్ వంటి రేగడిని ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా అందులో కొంత నీరు కట్టకుండానే ఉంటుంది. మైనస్ 1 డిగ్రీ వద్ద ఇసుక నేల రాయిలా ఉంటే, బంకనేల ఇంకా లొంగుతుంది. ఒకే ఉష్ణోగ్రత, రెండు వేర్వేరు పునాదులు.

శ్రీహరికోట నుంచి వెళ్లిన కన్ను

నేల కుంగుదలను, తేమను, గడ్డకట్టడాన్ని విశాల ప్రాంతాల మీద ఒకేసారి చూడాలంటే ఆకాశం నుంచి చూడాలి. 2025 జూలై 30న తిరుపతి జిల్లా శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎఫ్16 రాకెట్ మోసుకెళ్లిన నైసార్ ఉపగ్రహం ఈ పనికి తగినది. ఇస్రో, నాసా సంయుక్తంగా నిర్మించిన ఈ ఉపగ్రహం 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 12 మీటర్ల వ్యాసం గల యాంటెన్నాతో రెండు తరంగదైర్ఘ్యాలలో రాడార్ సంకేతాలు పంపుతుంది. నాసా సమకూర్చిన ఎల్ బ్యాండ్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, ఇస్రో సమకూర్చిన ఎస్ బ్యాండ్‌ది సుమారు 10 సెంటీమీటర్లు. ప్రతి 12 రోజులకు ఒకే చోటికి తిరిగి వచ్చి, రెండు చిత్రాలలోని తరంగాల తేడాను పోల్చడం ద్వారా నేల సెంటీమీటర్ల మేర కదిలినా గుర్తిస్తుంది. బారోలో చువ్వకు అందని కుంగుదల వంటిది దీనికి అందుతుంది. ద్రవ నీటికి, మంచుకు ఉన్న స్థిరాంకపు తేడా వల్ల నేల గడ్డకట్టినదీ లేనిదీ కూడా రాడార్ ప్రతిధ్వనిలో తెలుస్తుంది.

పరిమితులూ ఉన్నాయి. రాడార్‌కు నేల ఉష్ణోగ్రత తెలియదు, లోతున పది మీటర్ల వద్ద ఏముందో తెలియదు. తడి హిమం కప్పినప్పుడు చిత్రాల పోలిక చెడుతుంది. పైగా నైసార్ తన మార్గానికి ఎడమవైపే చూస్తుంది. దక్షిణాన అంటార్కిటికాను దాదాపు పూర్తిగా చూడగలిగినా, ఉత్తరాన 77.5 డిగ్రీల అక్షాంశం వరకే దాని చూపు చేరుతుంది. స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారం 78 డిగ్రీలకు పైన ఉంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహం పటాన్‌చెరు విత్తనాలున్న కొండను చూడలేకపోవడం విచిత్రమే. హిమాలయాలు మాత్రం పూర్తిగా దాని పరిధిలోనే ఉన్నాయి.

మన ఇంటి పైకప్పు మీద

హిందూకుష్, హిమాలయ పర్వతశ్రేణులు, టిబెట్ పీఠభూమి కలిపి చూస్తే మంచునేల విస్తీర్ణం హిమనీనదాల విస్తీర్ణాన్ని మించి ఉంటుందని అంచనా. అయినా హిమనీనదాలపై జరిగినంత పని దీనిపై జరగలేదు. రూర్కీలోని జాతీయ జల విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు లేహ్ సమీపంలోని గంగ్లాస్ లోయ ఎగువన, 4,700 మీటర్లకు పైన, బొత్తాము పరిమాణపు ఉష్ణోగ్రత లాగర్లను నేలలో పాతి ఏడాది పొడుగునా కొలతలు సేకరించారు. ఇటువంటి ప్రయత్నాలు వేళ్ల మీద లెక్కించదగినవి. ఆ లాగర్లు సంకేతాలు పంపేవి కావు. ఎవరైనా మళ్లీ ఎక్కి వెళ్లి, హిమపాతంలో కొట్టుకుపోకుండా మిగిలినవాటిని వెతికి తీసుకురావాలి.

కొలతల కొరత వల్ల కలిగే నష్టం ఏమిటో రెండు దుర్ఘటనలు చూపాయి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో రోంటీ శిఖరపు వాలు నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు ఒక్కసారిగా విరిగిపడింది. 200 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. రాతి పగుళ్లలోని మంచు సడలడం ఇందులో ఎంత పాత్ర వహించిందో శాస్త్రవేత్తలు కచ్చితంగా తేల్చలేకపోయారు. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలోని సౌత్ లోనక్ సరస్సులోకి గడ్డకట్టిన మొరైన్ గట్టు నుంచి సుమారు 1.47 కోట్ల ఘనపు మీటర్ల పదార్థం జారిపడింది. ఆ తాకిడికి లేచిన అల సరస్సు గట్టును తెంచింది. దిగువన 1,200 మెగావాట్ల తీస్తా 3 జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట కొట్టుకుపోయింది. ఈ రెండవ ఘటనలో గట్టు అంతకు ముందు ఏళ్లుగా మెల్లగా కదులుతున్నట్లు పాత ఉపగ్రహ చిత్రాలను తిరిగి పరిశీలించినప్పుడు తెలిసింది. తిరిగి చూడడానికి ముందే చూడగలిగేలా చేయడం నైసార్ వంటి ఉపగ్రహాల వల్ల సాధ్యమే. గట్టు లోపలి మంచు ఏ స్థితిలో ఉందో చెప్పడానికి మాత్రం అక్కడ పాతిన థర్మిస్టరే కావాలి.

నేలను చల్లగా నిలిపి ఉంచే ఇంజినీరింగ్ కూడా కొలతల మీదే ఆధారపడి ఉంది. 1977లో ప్రారంభమైన అలాస్కా చమురు గొట్టపు మార్గం సగానికి పైగా స్తంభాలపై నేలకు ఎత్తుగా సాగుతుంది. ఆ స్తంభాల్లో అమర్చిన ఉష్ణ గొట్టాలలో అమ్మోనియా ఉంటుంది. చలికాలంలో అడుగునున్న అమ్మోనియా నేల వేడిని గ్రహించి ఆవిరై పైకి చేరి, చల్లగాలికి ద్రవమై కిందికి జారుతుంది. మోటారు లేకుండానే నేలలోని వేడి బయటికి పోతుంది. 2006 జూలై 1న ప్రారంభమైన ఛింఘై టిబెట్ రైలు మార్గంలో సుమారు 550 కిలోమీటర్లు మంచునేల మీదుగా సాగుతాయి. అక్కడ ఇవే గొట్టాలను, గాలి ఆడే రాళ్ల కట్టలను, నేలను తాకకుండా సాగే పొడి వంతెనలను వాడారు. ఎక్కడ ఏది అవసరమో బోరు రంధ్రాల ఉష్ణోగ్రతలే నిర్ణయించాయి.

భారతీయ రైల్వేకు పట్టాలు ప్రధానంగా సరఫరా చేసేది భిలాయి ఉక్కు కర్మాగారం. రక్షణ అవసరాల దృష్ట్యా వ్యూహాత్మకమైనదిగా గుర్తించిన బిలాస్‌పుర్, మనాలీ, లేహ్ రైలు మార్గానికి సర్వే పూర్తయింది. ఇక్కడ బిలాస్‌పుర్ అంటే ఛత్తీస్‌గఢ్‌లోనిది కాదు, హిమాచల్ ప్రదేశ్‌లోనిది. సుమారు 489 కిలోమీటర్ల ఈ మార్గంలో అధిక భాగం సొరంగాలలో సాగవలసి ఉంటుంది. ఎత్తైన కనుమల వద్ద సొరంగ ముఖద్వారాలు, కట్టలు, వంతెనల పునాదులు గడ్డకట్టిన నేలకు ఎదురయ్యే అవకాశం ఉంది. స్వాల్‌బార్డ్‌లో ప్రవేశ సొరంగమే ముందు నీరు పట్టిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. రాతి గట్టిదనం తెలుసుకోవడానికి తవ్వే బోరు రంధ్రాలు ఎలాగూ ఉంటాయి. పరీక్ష ముగిశాక వాటిని పూడ్చివేయడానికి బదులు ఒక్కొక్క థర్మిస్టర్ తీగను దించి వదిలితే అయ్యే అదనపు ఖర్చు, రంధ్రం తవ్వడానికి అయిన ఖర్చులో చాలా చిన్న భాగం. ఆ తీగలు ఈ ఏడాదే నమోదు మొదలుపెడితే, పట్టాలు వేసే నాటికి చదవడానికి కొన్నేళ్ల రికార్డు సిద్ధంగా ఉంటుంది.